నేను ఖాళీ చేసిన పేజీ

ఆమధ్య కర్నూలులో మీరు కొందరు కుర్రవాళ్ళు కలిసి ఒక సమావేశం పెట్టుకుని నన్ను పిలిచారు. తేలికైన వెబ్‌సైట్లు, పాత కంప్యూటర్లతోనే పని గడుపుకోవడం, ఎవరి వివరాలూ ఎవరూ లాక్కోకుండా చూసుకోవడం, ఇలాంటివి మాట్లాడుకున్నారు. అవన్నీ నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నలుగురి బుర్రలూ తినేస్తూ చెప్పిన మాటలే. గోడ మీద తెర కట్టి, మా చర్చిల ఆఫీసు కోసం నేను చేసిన వెబ్‌సైట్ చూపించారు. తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు, ఆరాధన వేళలు, ఆఫీసు ఫోను నంబరు, అంతే. "అక్కర్లేనిది ఒక్క ముక్క లేదు చూడండి. ఇంత తక్కువతో సరిపెట్టడం ఎంత కష్టమో!" అని మీలో ఒకమ్మాయి అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి దండం పెట్టాను. శాలువా తెచ్చారు, కప్పించుకున్నాను.

ఆ పేజీని నేను అలా కట్టలేదు. ఒకప్పుడు అది నిండుగా ఉండేది. తరువాత ఖాళీ చేయవలసి వచ్చింది. ఆ సంగతి అక్కడే, ఆ మైకులోనే చెప్పాల్సింది. చెప్పకుండా దిగి వచ్చేశాను. ఇంటికి వచ్చాక మా ఆవిడ శాలువా చూసి మురిసిపోయింది. నాకు మాత్రం అన్నం సయించలేదు. అందుకే ఇది రాస్తున్నాను. మీరు నన్ను పొగిడింది దేనికో మీకు తెలియాలి.

కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో ఉన్న మా చర్చిలకు అన్నిటికీ కలిపి ఒక ఆఫీసు ఉంది. అందులో టైపిస్టుగా చేరి, కంప్యూటర్ మనిషిగా రిటైరయ్యాను. మధ్యలో నన్ను ఎవరూ ఏ చదువుకూ పంపలేదు. అన్నీ నేనే కిందా మీదా పడి నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి వచ్చే పొగరు అంతా నాకు వచ్చింది.

అప్పట్లో కంప్యూటర్‌లో తెలుగు టైపు చేస్తే, ఆ కంప్యూటర్‌లోనే అది తెలుగు. ఇంకో చోట తెరిస్తే సిరాలో పడి లేచిన చీమలు కాగితం మీద నడిచినట్టు ఏవో గుర్తులు. ఎవరి ఫాంటు వాళ్ళది. ఫాంటు అమ్మిన కంపెనీ మూతపడితే మన రాతకు దిక్కు లేదు. యూనికోడ్ వచ్చాక, ఏ ఫోనులో తెరిచినా తెలుగు తెలుగులాగే కనపడుతుందని తెలిసిన రోజున నేను ఆఫీసులో స్వీట్లు పంచాను. పాత ఫైళ్ళన్నీ కూర్చుని మళ్ళీ టైపు చేశాను. ఎవరూ చేయమనలేదు.

వెబ్‌సైట్ పెట్టాలని అనుకున్నప్పుడు ఒక కంపెనీ కుర్రాడు వచ్చి మా కార్యదర్శి అయ్యగారికి తన సరుకు చూపించాడు. అందులో పావురాలు ఎగురుతాయి, పాట దానంతట అదే మోగుతుంది, కింద ఎంతమంది చూశారో అంకెలు తిరుగుతాయి. అయ్యగారు పావురాలకు పడిపోయారు. నేను ఆ కుర్రాడిని పల్లెలో వాడే చిన్న ఫోనులో దాన్ని తెరవమన్నాను. వాడు తెరుస్తూనే ఉన్నాడు, మేము టీలు తాగేశాం. అది తెరుచుకోలేదు. వాడు సంచీ సర్దుకున్నాడు. ఆ వెబ్‌సైట్ పని నాకు వచ్చింది.

నాకు కొన్ని పట్టుదలలు ఉండేవి. పేజీ ఎంత పాత ఫోనులోనైనా తెరుచుకోవాలి. చూసేవాళ్ళ గురించి ఒక్క వివరం కూడా మా దగ్గర మిగలకూడదు. ఒకసారి ఒక పేజీకి అడ్రసు ఇచ్చాక చచ్చినా మార్చకూడదు, తీసేయకూడదు. ఎవరో ఎక్కడో దాన్ని రాసిపెట్టుకుని ఉంటారు, వాళ్ళు వచ్చేసరికి అది అక్కడే ఉండాలి.

"ఎంతమంది చూసినారో తెల్సుకునేదానికి ఒక అంకె అయినా పెట్టప్పా. పెద్దోళ్ళు అడుగుతాండారు" అనేవారు అయ్యగారు.

"ఎవరు చూసినారో మనకు తెలీకపోవడమే మంచిది అయ్యగారూ. గుడికి వచ్చేవాళ్ళను వాకిట్లో నిలబెట్టి లెక్కపెడతామా?"

"నీతో వాదించలేనప్పా" అని ఆయన నవ్వేవారు. మంచి మనిషి. ఆ నవ్వును నా గెలుపు కింద జమ వేసుకునేవాడిని.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా చర్చిల్లో ప్రార్థన అవసరతలు అని ఉంటాయి. జబ్బు చేసినవాళ్ళు, పని దొరకనివాళ్ళు, ఇంట్లో గొడవలున్నవాళ్ళు తమ కోసం అందరినీ ప్రార్థన చేయమని అడుగుతారు. ఊరి అయ్యగారికి, అంటే పాస్టరుకు, చెబితే ఆయన మా ఆఫీసుకు ఫోను చేసి చెబుతారు. నేను అన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించి, అచ్చు వేయించి, బస్సుల్లో పల్లెలకు పంపేవాడిని. ఆదివారం ప్రతి చర్చిలో అది చదువుతారు. చదివే అయ్యగారు ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చూసి, కొంత పైకి చదివి, కొంత మింగేస్తారు. "ఒక చెల్లెమ్మ ఆరోగ్యం కోసరం" అంటే చాలు, ఎవరో అందరికీ తెలుసు, ఏం జబ్బో ఎవరూ అడగరు. అందరూ ఆమెన్ అంటారు. సోమవారానికి ఆ కాగితంలో ఎవరో బొరుగులు పొట్లం కట్టి ఉంటారు. అక్కడితో అయిపోయింది.

నేను ఆ కాగితాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాను. దూరాన కూలికి పోయినవాళ్ళు కూడా తమ వాళ్ళ కోసం ప్రార్థన చేసుకుంటారని పెట్టాను. నిజంగా ఆ ఉద్దేశమే. బెంగళూరులో కట్టుబడి పనులకు పోయిన ఒకాయన, వాళ్ళమ్మ కాలు నొప్పి సంగతి మా పేజీలోనే చదివి ఇంటికి ఫోను చేశాడని విన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. ఆ ఉత్సాహంలో పాత కాగితాలు కూడా వెతికి తీసి, ఒక్కొక్క వారానికీ ఒక్కొక్క పేజీ చేసి, అన్నీ ఎక్కించాను. పేరు, ఊరు, జబ్బు, ఫోనులో చెప్పింది చెప్పినట్టు. ఒక్క అక్షరం మింగలేదు. మింగడం నా పని కాదనుకున్నాను.

చూసేవాళ్ళ గుట్టు కాపాడటానికి అన్ని జాగ్రత్తలు తీసుకున్న మనిషిని. పేజీలో ఉన్నవాళ్ళ గుట్టు గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు.

కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లె. ఏ దిక్కున అన్నది రాయను. ఆ ఊరి అయ్యగారు ఒకరోజు ఆఫీసుకు ఫోను చేశారు. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు.

"అన్నా, మా ఊరి బిడ్డ గురించి ఒక అవసరత ఉండాది గదా మీ వెబ్‌సైట్‌లో. వాళ్ళత్త చెప్పింటే నేను మీకు పంపింటి. టీబీ గురించి. అది తీసేయండన్నా."

వెతికి చూశాను. ఉంది. ఫలానా ఊరు, ఫలానా పేరు, క్షయ వ్యాధితో బాధపడుతున్నది, ప్రార్థించగలరు. ఇంటిపేరు లేదు.

"ఏమైంది?" అన్నాను.

"ఆ బిడ్డ ఇప్పుడు బడిలో మధ్యాహ్నం వంట చేస్తాది. ఆ పని తమ ఇంటిదానికి రావల్లని చూసేటోళ్ళు ఒకరుండారు ఊర్లో. వాళ్ళ పిల్లోడు ఫోనులో ఆమె పేరు, ఊరి పేరు కొట్టినాడు. మొట్టమొదట మీదే వచ్చింది."

మొట్టమొదట మాదే వచ్చిందన్న మాట దగ్గర నా మనసు ఒక్క క్షణం ఆగింది. బాధతో ఆగిందని రాస్తే అబద్ధమవుతుంది. అక్షరాలు సరిగ్గా ఉన్న పేజీని, తేలికగా తెరుచుకునే పేజీని వెతికే యంత్రాలు ముందు పెడతాయి. నా పేజీ ముందు వచ్చింది. నాకు సంతోషం వేసింది.

"ఆమెకు ఇప్పుడెట్లా ఉండాది?"

"నయమైపోయి శానా దినాలైంది. మందులన్నీ మింగింది. ఆసుపత్రోళ్ళు కాగితం గూడ ఇచ్చినారు."

"అయితే ఇంక భయమేముంది? చూడు తమ్ముడూ, ఒకసారి పెట్టిన పేజీ తీసేయకూడదు. తీసేస్తే ఏదో దాచినట్టు ఉంటుంది. ప్రార్థన అడగడంలో సిగ్గేముంది? నేను దాని కిందనే సాక్ష్యం రాస్తాను. దేవుడు స్వస్థత ఇచ్చాడని చదివితే నోళ్ళు అవే మూతపడతాయి."

"అది కాదన్నా..." అని ఆగిపోయాడు. ఏదో చెప్పాలని, చెప్పలేక నలుగుతున్నట్టు అనిపించింది. నేను ఆగి అడగలేదు. నాకు నా పరిష్కారం అంత నచ్చింది.

"మీ ఇష్టమన్నా. మీకు తెల్సినంత మాకు తెల్దు" అన్నాడు చివరికి.

వెంటనే కూర్చుని రాశాను. రాసింది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "పై అవసరతలోని సోదరికి దేవుడు సంపూర్ణ స్వస్థత అనుగ్రహించెను. ఆమె ఇప్పుడు తమ గ్రామ పాఠశాలలో పిల్లలకు వంట చేయుచు సేవ చేయుచున్నది." ఆమెకు మర్యాదగా ఉంటుందని ఆ రెండో వాక్యం చేర్చాను. కార్యదర్శి అయ్యగారికి చూపిస్తే "బాగుందప్పా" అన్నారు. ఆ రోజు ఇంటికి ఈల వేసుకుంటూ పోయాను.

కొన్నాళ్ళ తరువాత ఊరి అయ్యగారు మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి అన్నా అనలేదు. "సార్, పిల్లోళ్ళు అన్నం తినడం ల్యా. మీరొకసారి వస్తే బాగుంటాది" అన్నాడు, పెట్టేశాడు.

బనగానపల్లె మీదుగా బస్సులో పోయాను. శనగ పీకుతున్న కాలం. దారి పొడుగునా నల్లరేగడి చేలల్లో ఆడవాళ్ళు వంగి పీకుతున్నారు. మా అమ్మ కూడా ఆ పని చేసే నన్ను చదివించింది. ఊరి బయట మాలాంటివాళ్ళను ఉంచిన పేటలో నుంచి ఒక ఆడమనిషి ఊరి బడిలో వంట చేయడం, ఊరందరి పిల్లలూ ఆమె చేతి అన్నం తినడం అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పవలసిన పని లేదు. ఆమె చేతి వంట వద్దని పైకి అనలేనివాళ్ళు ఊళ్ళో ఎంతోమంది ఉంటారు. అనడానికి వాళ్ళకు మర్యాదైన కారణం ఒకటి కావాలి. ఆ కారణాన్ని నేను చక్కటి తెలుగులో, ఎవరి ఫోనులోనైనా తెరుచుకునేలా రాసి ఇచ్చాను. ఇది నాకు బస్సులో కూర్చున్నాక గాని తట్టలేదు. ఆఫీసులో కూర్చున్నవాడికి తట్టలేదు.

నేను పోయేసరికి బడిలో అన్నం గంట కొట్టారు. వసారాలో పిల్లలు వరసగా కూర్చున్నారు. చాలామంది ముందు ఇళ్ళ నుంచి తెచ్చుకున్న డబ్బాలు. పళ్ళేలు పట్టుకుని కూర్చున్నవాళ్ళు కొద్దిమందే, వాళ్ళు పేట పిల్లలని మొహాలు చూస్తేనే తెలిసింది. అన్నం గిన్నె, సాంబారు గిన్నె పొగలు కక్కుతూ నిండుగా ఉన్నాయి. ఆమె గరిటె పట్టుకుని గిన్నె పక్కన నిలబడి ఉంది. పాతికేళ్ళు దాటి ఉంటాయి, సన్నగా, కొంగు నడుముకు బిగించి. ఊరి అయ్యగారు నన్ను చూపించి ఏదో చెప్పాడు. ఆమె తల ఊపింది, అంతే.

ఆ రోజు గుడ్డు పెట్టే రోజు. డబ్బాలు తెచ్చుకున్న పిల్లలు కూడా ఒక్కొక్కరే లేచి వచ్చి గుడ్డు తీసుకుని పోతున్నారు. తీసుకుపోయి తామే పెంకు వలుచుకుని తింటున్నారు. నాకు అర్థం కాక హెడ్మాస్టరు వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"గుడ్డు పెంకు లోపల ఉంటాది గద సార్. దానికి జబ్బు అంటదని వాళ్ళమ్మోళ్ళు చెప్పి పంపినారు."

"మందులు పూర్తిగా వాడినాక టీబీ ఎవరికీ అంటదు సార్. మీకు తెలీదా?" అన్నాను.

"నాకు తెల్సు. ఆయమ్మ కాగితం గూడ చూపించింది. ఊరోళ్ళకు ఎవరు చెప్పల్ల? చెప్తే, మీ చర్చోళ్ళే రాసినారు గదా, మళ్ళా నువ్వెవరు అని నన్నే అడుగుతాండారు."

నేను పోయి ఆమె దగ్గర పళ్ళెం అడిగాను. పిల్లలకు వినపడేట్టు కొంచెం గట్టిగానే అడిగాను. కర్నూలు నుంచి వచ్చిన పెద్దమనిషి తింటే పిల్లలూ తింటారని నా ఆలోచన. చూడండి, అప్పటికి కూడా నా దగ్గర ఒక పరిష్కారం సిద్ధంగా ఉంది.

ఆమె వడ్డించింది. వడ్డిస్తూ మెల్లగా అంది. "మీరు తింటే ఏమైతాది సార్? సాయంత్రానికి బస్సెక్కి పోతారు. తినండి."

వసారా మెట్టు మీద కూర్చుని తిన్నాను. వంట బాగుంది. ఉప్పూ కారం సరిగ్గా ఉన్నాయి. పిల్లలు నన్ను చూస్తూ తమ డబ్బాల్లోది తాము తిన్నారు. ఒక్కరు కూడా లేవలేదు. పళ్ళెంలో మెతుకు మిగల్చకుండా తినేదాకా లేవకూడదనుకున్నాను.

పళ్ళెం కడగడానికి బోరింగు దగ్గరికి పోతే ఆమె వచ్చి బోరింగు కొట్టింది. ఊరి అయ్యగారు దూరంగా నిలబడ్డాడు. క్షమించమని అడగడానికి ఏదో మొదలుపెట్టాను. ఆమె వినలేదు.

"మా పేటలో నా పేరోళ్ళు నలుగురం ఉండాము సార్. మొదట ఆ పిల్లోడు ఫోను ఎత్తుకుని బడికి వస్తే, అది నేను కాదు, ఇంకో ఆమె అని చెప్పినా. అబద్ధమే. దేవుడు అడిగితే ఆయనకు నేను చెప్పుకుంటా. హెడ్మాస్టరు సారు నమ్మినట్టు తలకాయ ఊపినాడు. ఊరోళ్ళు గూడ, నలుగురిలో ఏ ఆమెనో ఏమోలే అని ఊరుకున్యారు. పిల్లోళ్ళు తింటాండ్రి. అంతలో మీరు మళ్ళా రాస్తిరి, బడిలో వంట చేసే ఆమేనని."

బోరింగు హ్యాండిలు మీద ఆమె చేయి ఆగింది. నా చేతిలో పళ్ళెం అలాగే ఉంది.

"నాకు తెలియదమ్మా. మీ అయ్యగారు ఆ మాట చెప్పలేదు."

"ఆయన ఎట్ల చెప్తాడు? సంఘపు బిడ్డ అబద్ధమాడిందని మీతో చెప్తాడా? నన్ను అడిగింటే నేను చెప్పుంటా. నాకు ఫోనుండాది సార్. ఒక్క మాట అడిగింటే అయిపోయేది గదా."

నిజంగానే ఆమెకు ఒక ఫోను చేయాలని నాకు తోచలేదు. ఆమె గురించి రాశాను, ఆమె కోసం రాశాను, ఆమెకు మర్యాదగా ఉండాలని రాశాను. ఆమెను అడగలేదు. మొదటిసారి అడగలేదు, రెండోసారీ అడగలేదు.

"మాయత్త దేవునికి చెప్పమని మీకు చెప్పింది. మీరు ఊరికంతా చెప్తిరి" అంది. కోపంగా కూడా అనలేదు. పళ్ళెం నా చేతిలోంచి తీసుకుని తనే కడిగింది.

ఆఫీసుకు తిరిగి రాగానే చేసిన మొదటి పని ఆ పేజీ తీసేయడం. ఎప్పుడూ పేజీ తీసేయనని బీరాలు పలికినవాడిని, నా చేత్తోనే తీసేశాను. దానివల్ల ఏమీ ఒరగలేదు. వెతికితే కొన్నాళ్ళపాటు ఆ రెండు వాక్యాలూ కనపడుతూనే ఉన్నాయి, నొక్కితే మాత్రం ఏమీ రాదు. పేజీని ఫోటో తీసి పెట్టుకున్నవాళ్ళు ఊరంతా తిప్పారు. ఎంతమంది చూశారో, ఎవరు దాచుకున్నారో తెలుసుకుందామంటే నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఎవరు చూశారో నాకు తెలియకూడదని కోరుకున్నది నేనే కదా.

తరువాత ఆ పాత పేజీలన్నీ ఒక్కొక్కటే తెరిచి చదివాను. టైపు చేసింది నేనే, కానీ అప్పుడు అక్షరదోషాల కోసం చదివాను. ఇప్పుడు ఆ ఊళ్ళలో ఎవరో ఫోను పట్టుకుని వెతుకుతున్నట్టు చదివాను. ఫలానా ఊరి ఫలానా అమ్మాయికి మూర్ఛలు. ఫలానా ఆయన తాగి వచ్చి కొడుతున్నాడు, మార్పు రావాలి. ఫలానా కుర్రాడి మీద కేసు. బద్వేలు వైపు ఒక కోడలికి పిల్లలు లేరు, ఇంట్లో మాటలు పడుతున్నది. దేవుడి చెవిన వేయమని నమ్మి చెప్పినవి. అందరివీ పేర్లతో, ఊళ్ళతో, వరసగా, దోషం లేకుండా పెట్టాను.

అన్నీ తీసేస్తుంటే కార్యదర్శి అయ్యగారు వచ్చి వెనక నిలబడ్డారు.

"అన్నీ ఎందుకప్పా? గొడవ వచ్చింది ఆ ఒక్కదానికే గదా."

"ఆ ఒక్కటి మనకు తెలిసింది గాబట్టి తెలిసింది అయ్యగారూ. తక్కినవాళ్ళు మనకు చెప్పలేదు, అంతే."

ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. "మనం మంచికే చేసినాం గదప్పా. మనసులో ఏం పెట్టుకోవద్దు" అన్నారు. ఆయన ఓదార్పు కోసమే అన్నారు, నాకు ఒళ్ళు మండింది. మంచికే చేశానన్న మాట పట్టుకునే కదా నేను రెండోసారి రాసింది. ఆయన మీద కసిరి, తరువాత క్షమించమన్నాను. ఆ రోజు అలాగే గడిచింది.

అలా ఖాళీ అయింది ఆ పేజీ. మిగిలింది ఆరాధన వేళలు, ఫోను నంబరు. మీరు తెర మీద చూసి చప్పట్లు కొట్టింది దానికే. అక్కర్లేనిది తీసేసే నేర్పు అన్నారు. నాకు అంత నేర్పు ఉంటే అది అక్కడికి ఎక్కేదే కాదు.

ఆమె పని పోయింది. మేము పోయి ఊళ్ళో పెద్దలతో మాట్లాడాం, ఆసుపత్రి డాక్టరు చేత కూడా చెప్పించాం. అందరూ మర్యాదగా విన్నారు, టీ ఇచ్చారు. తల్లిదండ్రుల కమిటీ వంటను, ఆమె పేరు ఫోనులో కొట్టి చూసిన ఆ ఇంటివాళ్ళకే అప్పజెప్పింది. ఆమె, ఆమె మొగుడు ఊరు వదిలి మంత్రాలయం పోయారని, అక్కడ ఒక హోటల్లో ఆమె అంట్లు తోముతున్నదని ఊరి అయ్యగారు చెప్పాడు. అంత బాగా వండే మనిషి. వంటింట్లోకి రానివ్వరా అని అడిగాను. "అడగనే అడగలేదంట సార్. అడిగితే యాడ పేరు కొట్టి చూస్తారో అని" అన్నాడు.

అప్పటి నుంచి నాకు ఒక అలవాటు పట్టుకుంది. ఆఫీసు పని మొదలుపెట్టే ముందు ఆమె పేరు, ఊరి పేరు కొట్టి వెతికేవాడిని. ఆ రెండు వాక్యాలు మాయమయ్యాయా లేదా అని. కొన్నాళ్ళకు మాయమయ్యాయి. అయినా అలవాటు పోలేదు. రిటైరయ్యాక ఇంట్లో కూడా, ఫోను చేతిలోకి వస్తే చాలు. ఏమీ రాకపోతే గుండె మీద బరువు దిగినట్టు ఉండేది. ఆమెకు ఏదో సాయం చేస్తున్నాననే అనుకునేవాడిని.

మీ సమావేశం అయిన కొద్ది రోజులకు ఆమె నుంచి ఫోను వచ్చింది. గొంతు పోల్చుకోలేదు. ఊరి పేరు చెబితే తెలిసింది.

"బద్వేలులో ఆడపిల్లల హాస్టలు ఉండాదంట సార్. వంటమనిషి కావల్లంట. పోదామనుకుంటాండాము. ఇప్పుడు నా పేరు కొడితే ఏమొస్తాది?"

"ఏమీ రాదమ్మా. ధైర్యంగా పో."

"ఖాయమా?"

"నేను చూసినంతలో ఏమీ రాదు. ఎవరి ఫోనులోనైనా దాచుకున్నది ఉంటే నేను చెప్పలేను." ఇంతకాలానికి ఆమెతో నేను చెప్పిన నికార్సయిన మాట అదొక్కటే.

"మీకెట్ల తెల్సు సార్, రాదని? ఇప్పుడు కొట్టి చూడకముందే చెప్తాండారు."

"అప్పుడప్పుడు చూస్తాంటానమ్మా. నిన్న గూడ చూసినా."

ఫోనులో ఆమె వెనక ఎక్కడో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినపడుతోంది.

"చూడద్దు సార్" అంది. "నా పేరు ఇంక మీరు గూడ కొట్టద్దు."

కొట్టనమ్మా అన్నాను. ఆమె సరే సార్ అని పెట్టేసింది. ఆ తరువాత కొట్టలేదు. బద్వేలులో ఆమెకు ఆ పని దొరికిందో లేదో నాకు తెలియదు.